జాలీ కట్టిన అలుగు

అడవి శాఖలో పనిచేసి రిటైరైనవాళ్ళు నోరు విప్పితే పులి కథే చెబుతారు. పులి ఎదురుపడుతుంది, వీళ్ళు కదలకుండా నిలబడతారు, చివరికి పులే మొహమాటపడి వెళ్ళిపోతుంది. నా దగ్గర అలాంటి కథ లేదు. పులి గాండ్రింపు దగ్గరగా వినబడిన రోజు నేను పరుగెత్తి జీపెక్కి అద్దాలు ఎత్తుకోబోయాను. ఆ జీపుకు అద్దాలే లేవన్న సంగతి హ్యాండిల్ కోసం తడుముకుంటున్నప్పుడు గుర్తొచ్చింది. కాబట్టి కొత్తగా డ్యూటీలో చేరిన పిల్లలెవరైనా ఇది చదువుతుంటే ముందే చెబుతున్నాను, ఇది ధైర్యవంతుడు రాస్తున్నది కాదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది పులీ కాదు, ఎలుగుబంటీ కాదు. మన్ననూరు దాటి అడవి లోపలికి పోతే రెండు గుట్టల నడుమ ఉండే ఒక చిన్న మట్టికట్ట.

నేను వనపర్తి పక్క మెట్ట పల్లెలో పుట్టినవాణ్ణి. మా బావిలో నీళ్ళు చూడాలంటే మోకాళ్ళ మీద వంగి తొంగిచూడాలి. ఈత నేర్చుకునేంత నీరు మా ఊరు ఎన్నడూ ఎరగదు. అలాంటివాణ్ణి సెక్షన్ ఆఫీసరుగా ఆ అడవికి వేసి, అందులో ఒక కుంటను కూడా నా నెత్తిన పెట్టారు. ఎండాకాలం దుప్పులూ ఎలుగులూ తాగడానికి మా శాఖవాళ్ళు ఎప్పుడో వేసిన కుంట అది. చేపపిల్లల్ని తెచ్చి వదిలేవాళ్ళం. చేపల కోసం కొంగలు వచ్చేవి, రాత్రిళ్ళు గుడ్లగూబలు వచ్చేవి. రూలు ప్రకారం అందులో మనుషులు చేప పట్టకూడదు. పట్టేవాళ్ళు పట్టేవాళ్ళే, చూడనట్టు పోయేవాళ్ళం మేము.

కట్టకు ఒక చివర అలుగు ఉండేది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కుంట నిండాక ఎక్కువైన నీళ్ళు కట్ట మీదికి ఎక్కకుండా పక్కనుంచి పోవడానికి, రెండు రాతిగోడల మధ్య వదిలిన దారినే అలుగు అంటారు. మట్టికట్ట ఎంత నీళ్ళనైనా ఆపుతుంది గానీ, నీళ్ళు ఒక్కసారి తన మీదనుంచి దొర్లాయంటే నిలబడలేదు. కోసుకుపోతుంది. ఆ కట్టకు కిందుగా, వాగు మలుపులో ఒక పెంట ఉంది. పెంట అంటే అడవిలో బతికే కుటుంబాల చిన్న గూడెం. గుడిసెలు, మేకల దొడ్లు, కొంచెం జొన్న చేను. మా కుంట వాచర్‌ది ఆ పెంటే.

వాచర్ నాకన్నా పెద్దవాడు. అన్నా అని పిలిచేవాణ్ణి. మాట తక్కువ, బీడీ ఎక్కువ. భార్య దానికి సరిగ్గా తిరగేసిన మనిషి. ఆమె మాట్లాడుతుంటే కట్ట మీది కొంగలు లేచిపోయేవి. ఒకసారి నెలల తరబడి జీతం రాకపోతే మా రేంజరు సారు ముఖం మీదే, "మా ఇంటాయన జీతం చెట్లకు పూస్తదా సారూ, ఎండకాలం రాల్తదా?" అని అడిగింది. సారు నవ్వలేక, కోప్పడలేక జీపెక్కారు.

ఒక ఏడాది ఆ కుంటలోకి నీటికుక్కలు వచ్చాయి. తల్లీ తండ్రీ పిల్లలూ, కుటుంబం కుటుంబమే. చేపను రెండు చేతుల్తో పట్టుకొని మనం మొక్కజొన్న కంకి తిన్నట్టు తినేవి. వాచర్ రోజంతా కట్ట మీద కూర్చుని వాటినే చూసేవాడు. పైఅధికారులకు చెబితే ఫోటోలు అడిగారు, ఫోటోలు పంపితే స్వయంగా వచ్చి చూస్తామన్నారు. అంతలో వానాకాలం వచ్చింది, అలుగు పారింది. అలుగుకు అడ్డంగా కట్టిన వెదురు తడిక తెగి చేపలన్నీ వాగులోకి పోయాయి. చేపల వెనకే నీటికుక్కలూ పోయాయి. వాచర్ కొన్నాళ్ళు అన్నం సరిగా తినలేదని భార్య చెప్పింది. "నేను పుట్టింటికి పోయినప్పుడు గూడ గిట్ల పరేషాన్ కాలేదు" అని దెప్పింది.

తర్వాతి ఎండాకాలానికి అవి మళ్ళీ వచ్చాయి. ఇక ఎవరినీ పట్టలేకపోయాం. రేంజరు సారు కుంట దగ్గరికి వచ్చి, "ఈసారి ఒక్క చేప కూడా అలుగు దాటొద్దు" అన్నారు. బీట్ ఆఫీసరు కల్వకుర్తి పోయి ఇనుప జాలీ తెచ్చాడు. పెంటవాళ్ళు కూడా సంతోషించారు, చేపలుంటే వాళ్ళ గాలాలకూ పనే కదా. అలుగు గోడలకు రెండు పక్కలా ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, వాటికి జాలీని కుంట వైపు నుంచి తీగతో బిగించింది వాచరే. జానకొక ముడి. ప్రతి ముడినీ పట్టకారుతో మెలితిప్పి, లాగి చూసి, మళ్ళీ తిప్పాడు. అంత శ్రద్ధగా చేసిన పని నేను మా శాఖలో చాలా తక్కువ చూశాను. నీళ్ళు పోతాయి, చేపలు ఆగుతాయి. ఇందులో తప్పేముందని అందరం అనుకున్నాం. అడవిలో ఆకులు రాలతాయన్న సంగతి అడవిలోనే బతికే మాకెవరికీ తట్టలేదు.

ఆ ఏడు వానాకాలం చాలావరకు ఎండగానే గడిచింది. అయిపోయిందనుకున్నాక, దసరా దాటాక పట్టుకుంది. కృష్ణ పొంగి, గద్వాల వైపు ఊళ్ళలోకి నీళ్ళొచ్చిన ఏడాది అది. అడవిలో వాన అంటే ముందు చప్పుడు. ఆకుల మీద పడే చప్పుడుకు పక్క మనిషి మాట వినబడదు. వైర్‌లెస్ సెట్‌లో రేంజరు సారు, "అన్ని వాగులూ దాటలేకుండా ఉన్నాయి, ఎక్కడివాళ్ళు అక్కడే ఉండండి, కుంట ఒకసారి చూడండి" అన్నారు. ఎక్కడివాళ్ళు అక్కడే ఉంటూ కుంట ఎలా చూడాలో అడుగుదామనుకునేలోగా సెట్ మూగబోయింది.

పొద్దున్నే నేనూ బీట్ ఆఫీసరూ బయలుదేరాం. జీపు మొదటి వాగు దగ్గరే ఆగింది. అక్కడనుంచి నడక. వాచర్ గొంగడి కప్పుకుని దారిలోనే ఎదురొచ్చాడు.

"సారూ, అలుగు సప్పుడు లేదు" అన్నాడు.

నిలబడి విన్నాను. నిజమే. మామూలుగా కుంట నిండితే అలుగు హోరు చాలా దూరం వినబడుతుంది. అంత వానలో కుంట నిండకుండా ఉండదు. నిండాక అలుగు పారకుండా ఉండదు. మరి చప్పుడు ఏమైనట్టు? వాన ఒక్క క్షణం సన్నగిల్లింది, అప్పుడూ ఏమీ వినబడలేదు. చప్పుడు లేకపోవడానికి అంతగా భయపడతానని అంతకుముందు నాకే తెలియదు.

ఉరికినట్టే పోయాం. కట్ట ఎక్కి చూస్తే కుంట కుంటలా లేదు. నీళ్ళు కట్ట అంచుకు జానెడు కిందిదాకా వచ్చేశాయి. గాలి వీస్తే అల నా చెప్పుల దాకా వస్తోంది. అలుగు దగ్గర జాలీకి టేకాకులు, బోద గడ్డి, విరిగిన కొమ్మలు అన్నీ అతుక్కుని మందంగా గోడ కట్టినట్టయింది. ఆ గోడ సందుల్లోంచి నీళ్ళు సన్నగా కారుతున్నాయి, అంతే. పైన గుట్టలనుంచి వచ్చే నీరంతా కుంటలోకే వస్తోంది. బయటికి పోయే దారి మేమే మూసిపెట్టాం.

వాచర్ కట్ట వెనక వైపు దిగి, అక్కడినుంచి చెయ్యి ఊపాడు. పోయి చూస్తే కట్ట అడుగున పందికొక్కు బొరియంత రంధ్రంలోంచి నీళ్ళు వస్తున్నాయి. మట్టికట్టకు తేట నీళ్ళు ఊరితే భయం లేదు, చెమట లాంటిది. ఈ నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మట్టి తింటున్నది సారూ" అన్నాడు వాచర్. తల తిప్పి కిందికి, పెంట వైపు చూశాడు. చెట్ల మధ్యనుంచి ఒక గుడిసె పొగ కనబడుతోంది. ఎవరో వంట చేసుకుంటున్నారు.

బీట్ ఆఫీసరును పెంటకు పరుగెత్తించాను. "అందర్నీ ఎత్తుబండ మీదికి ఎక్కించు తమ్మీ. మేకలు, సామాన్లు అన్నరనుకో, తిట్టు. కొట్టినా ఫర్వాలేదు" అన్నాను. అతను మా అందరిలో చురుకైనవాడు, బలమైనవాడు. అతను కనుమరుగయ్యాక గానీ నాకు అర్థం కాలేదు, కట్ట మీద మిగిలింది ఈత రాని నేనూ, వాచరూ మాత్రమే అని.

ముందు గోడ మీద నిలబడి గడ్డపారతో జాలీని పొడిచాం. కదలలేదు. నీటి బరువు దాన్ని కడ్డీలకు అదిమిపెట్టింది. పైవరస ముడులు రెండు మూడు కత్తితో కొట్టి తెంపాడు వాచర్. కింది ముడులు నీళ్ళలో ఉన్నాయి, అదీ కుంట వైపు. దిగితే తప్ప అందవు. దిగి తెంపితే జాలీ తెగిన క్షణాన నీళ్ళు మనిషినీ లాక్కుని అలుగులోంచి కింద రాళ్ళ మీదికి విసిరేస్తాయి. ఇది అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

"వద్దన్నా. పెంట ఖాళీ చేస్తున్నరు గదా. కట్ట పోతే పోనీ" అన్నాను.

"ఎత్తుబండకు పోవాల్నంటే వాగు దాటాలె సారూ. పిల్లలు, ముసలోళ్ళు. వాళ్ళు వాగుల ఉన్నప్పుడు కట్ట తెగితే?" అన్నాడు.

జీపులోంచి తెచ్చిన మోకుతాడు ఒక కొస తన చంకల కింద కట్టుకున్నాడు. రెండో కొస కట్టడానికి చెట్టు చూశాను. దగ్గరలో ఉన్న చెట్టుకు మోకు అందలేదు. అతను నన్ను ఎగాదిగా చూసి, రెండో కొసను నా నడుముకు చుట్టి ముడి వేశాడు. అలుగు గోడకు కాళ్ళు తన్నిపెట్టి కూర్చోమన్నాడు. ఆ ముడి నేను జారిపోకుండా ఉండటానికి వేశాడో, పారిపోకుండా ఉండటానికి వేశాడో ఇప్పటికీ చెప్పలేను.

దిగాడు. ఎర్రటి నీళ్ళలో తల కనబడేది, మునిగేది. కనబడేది, మునిగేది. మునిగిన ప్రతిసారీ నేను ఊపిరి బిగపట్టేవాణ్ణి, అతను తేలేలోపు నాకే ఊపిరాడేది కాదు. కత్తి ఇనుము మీద పడే దెబ్బ చేతికి మోకులోంచి తెలిసేది. తాను బిగించిన ముడుల్ని తానే తెంపుకుంటున్నాడు. ఒక్కొక్కటీ ఎంత గట్టిగా వేశాడో! కొంచెం బద్ధకస్తుడు దొరికి ఉంటే ఎంత బాగుండేదని ఆ రోజు దేవుణ్ణి తిట్టుకున్నాను.

వెనకనుంచి అడుగుల చప్పుడు. వాచర్ భార్య. చీర మోకాళ్ళ పైకి దోపుకుని, నెత్తిన ఏమీ లేకుండా తడిసి ముద్దయి వచ్చింది. తనవాళ్ళను వాగు దాటిస్తూ ఉంటుందనుకున్నాను. "బీట్ సారు దాటిస్తుండు. ఇంకా సగం మంది ఈ దిక్కే ఉన్నరు" అంది. నీళ్ళలో మొగుడి తల చూసింది. అన్నేళ్ళలో ఆమె మాట్లాడకుండా నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి, దాంతో నా భయం రెట్టింపైంది.

అప్పుడు కట్ట కదిలింది. కదిలింది అంటే ఊగలేదు. మాకు కొంచెం దూరంలో వెనక వైపు మట్టి ఒక పెద్ద ముద్దగా ఊడి మెత్తగా కిందికి జారింది. పెద్ద చప్పుడేమీ కాలేదు, తడి గోనెసంచి నేల మీద పడేసినట్టు. కట్ట వెడల్పు అక్కడ సగమైంది. నా తలలో ఒక్కటే మాట తిరిగింది, ఇప్పుడు పోతుంది, ఇప్పుడే పోతుంది. ఇంట్లో భార్య, పిల్లలు, ఇంకా కట్టని మేడ గోడ, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. నా చెయ్యి దానంతట అదే నడుము దగ్గరి ముడి మీదికి పోయింది.

ఆమె చూసింది.

"సారూ" అంది, గొంతు పెంచకుండా. "నువ్వు తాడు ఇడ్సినవనుకో, నేను నిన్ను ఇడ్స."

ఆ మాట అని నా వెనకే కూర్చుని, నా భుజాల మీదుగా చేతులు చాచి మోకు పట్టుకుంది. ఆమె వణుకు నా వీపుకు తెలుస్తోంది, నా వణుకు ఆమెకు తెలిసే ఉంటుంది. కట్టకన్నా, నీళ్ళకన్నా ఆమెకు నేను ఎక్కువ భయపడ్డానని అందరికీ నవ్వుతూ చెబుతుంటాను. అందులో నవ్వు తక్కువ, నిజం ఎక్కువ.

జాలీ తెగినప్పుడు తుపాకి పేలినట్టయింది. మోకు ఒక్క గుంజు గుంజింది. నేను కూర్చున్నచోటునుంచి లేచి రాతిగోడకు రొమ్ము గుద్దుకుని ఆగాను. అరచేతుల తోలు మోకుతో పాటే పోయింది. కుంటంతా ఒక్కసారి అలుగు మీద పడ్డట్టు హోరు. ఆకులు, కొమ్మలు, జాలీ ముక్కలు, వెండిలా మెరుస్తూ చేపలు. వాచర్ లేడు. మోకు మాత్రం బిగుసుకుని నీళ్ళలోకి పోయి ఉంది, దాని చివర మనిషి ఉన్నాడో రాయి ఉందో తెలియదు.

"గుంజు!" అని ఆమె అరిచింది. గుంజాం. రాలేదు. మళ్ళీ గుంజాం. నేను ఏడుస్తున్నానని నాకు అప్పుడు తెలియదు, తర్వాత ఆమె చెబితే తెలిసింది. మోకు కొంచెం వదులైంది. గోడ పక్కన ఒక చెయ్యి లేచి వంగిన కడ్డీని పట్టుకుంది. తర్వాత తల. ఇద్దరం కలిసి అతన్ని గోడ మీదికి ఈడ్చుకొచ్చాం. బోర్లా పడి నీళ్ళు కక్కాడు, టేకాకు ముక్కలు కక్కాడు. ఒక కాలు మోకాలి కింద చీరుకుపోయి ఎముక తెల్లగా కనబడుతోంది. కళ్ళు తెరిచి అతను అన్న మొదటి మాట, "నీరుకుక్కలు పోయినయా?"

ఆమె అతని చెంప మీద ఒక్కటి ఇచ్చింది. తర్వాత ఆ చెంపనే కొంగుతో తుడుస్తూ చాలాసేపు ఏడ్చింది.

కట్ట నిలబడింది. ఎందుకు నిలబడిందో ఏ ఇంజనీరూ నాకు సరిగా చెప్పలేదు, సగం మిగిలిన కట్ట ఆ నీళ్ళకు నిలవకూడదట. సాయంత్రానికి కింది రంధ్రంలో నీళ్ళు సన్నబడి తేటయ్యాయి. పెంటలో ఒక్క మేకపిల్ల తప్ప ప్రాణనష్టం లేదు. వాచర్ని మంచానికి కట్టి మోసుకుని దవాఖానకు చేర్చాం. కాలు ఉంది గానీ మునుపటిలా వంగలేదు. గుడిసెల ముందు గడ్డిలో చేపలు ఎగురుతుంటే పిల్లలు ఏరుకున్నారు. ఆ రోజు రూలు ఎవరికీ గుర్తు రాలేదు.

వానలు తగ్గాక రేంజరు సారు వచ్చారు. చెడ్డవాడు కాదు, పైవాళ్ళు నీటికుక్కల గురించి అడుగుతున్నారని ఆయన బాధ ఆయనది. కట్ట బాగుచేయిస్తామన్నారు, చేయించారు కూడా. తర్వాత అలుగు చూసి, "ఈసారి కొంచెం పెద్ద కన్నాల జాలీ వేద్దాం" అన్నారు. నా నోటినుంచి, "వెయ్యను సార్" అనే మాట వచ్చింది. ఎవరన్నారా అని నేనే పక్కకు చూశాను. సర్వీసులో పైఅధికారికి కాదని చెప్పింది అదొక్కసారే. కొన్నాళ్ళకు పరిపాలనా సౌలభ్యం కోసం నన్ను గద్వాల వైపు నర్సరీకి మార్చారు. మొక్కలకు నీళ్ళు పోయించే పని. ఎవరి సౌలభ్యమో అడగలేదు.

బయలుదేరే రోజు వాచర్ కర్ర పట్టుకుని బస్సు దాకా వచ్చాడు. "నేను పోయినంక మళ్ళ ఎవరన్నా కట్టమంటరు అన్నా" అన్నాను.

"నేనున్నన్ని దినాలు కట్టనియ్య సారూ" అన్నాడు.

పిల్లలూ, భయం బదిలీతో పోదు. గద్వాలలో వాన మొదలైతే నాకు అన్నం దిగేది కాదు. ఆ అలుగుకు ఎవరైనా మళ్ళీ జాలీ బిగించారేమో, ఆకులు వచ్చి పడుతున్నాయేమో, కింద ఎవరో పొయ్యి వెలిగించుకుని ఉన్నారేమో. పెంటకు ఫోన్లు వచ్చాక పెద్ద వాన పడిన ప్రతిసారీ వాచర్‌కు ఫోన్ చేసేవాణ్ణి. అతను హలో అనడు, బాగున్నవా అనడు. ఎత్తగానే, "కట్టలే సారూ" అంటాడు, జాలీ కట్టలేదని. నేను సరే అంటాను. అంతే మా మాటలు. రిటైరయ్యాక కూడా మానలేదు. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ.

ఈ ఏడు మొదటి పెద్ద వాన వనపర్తిలో మధ్యాహ్నం పట్టుకుంది. ఫోన్ చేశాను. చాలాసేపు మోగింది. ఎత్తింది అతను కాదు, భార్య.

"అక్కా, అన్న లేడా?" అన్నాను.

"ఆయన పోయి నెల దాటింది సారూ. జరం వచ్చింది, తగ్గలే" అంది. "నీకు చెప్పేటోళ్ళు ఎవ్వరు లేకుండె."

అటు వాన చప్పుడు, ఇటు వాన చప్పుడు. ఏడుపు ముంచుకొచ్చింది, దాని వెనకే ఆ పాత భయమూ వచ్చింది. మనిషి పోయిన ఇంటిని పట్టుకుని అలుగు సంగతి ఎలా అడగాలి? అడగకుండా ఫోన్ ఎలా పెట్టాలి? అలాగే పట్టుకుని ఉండిపోయాను.

ఆమే అంది.

"కట్టలే సారూ. కర్ర పట్కొని పొద్దుగాలనే పోయి చూసొచ్చిన. రేపు గూడ వానుంటదంట, ఫోన్ చెయ్యి. చెప్త."